చల్లటి సీసాలో ఎన్ని చెంచాల చక్కెర? దేనికి ఏది తాగాలో చూద్దాం

ఎండాకాలం మధ్యాహ్నం చుట్టాలు గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తుండగానే మన ఇళ్లలో ఎవరో ఒకరు పిల్లవాడి చేతిలో డబ్బులు పెట్టి వీధి చివరి కొట్టుకు పంపిస్తారు. వాడు పరుగున వెళ్లి చల్లటి కూల్‌డ్రింక్ సీసా తెస్తాడు. గ్లాసుల్లో పోసి ఇస్తే మర్యాద జరిగినట్టు. మా ఇంట్లోనూ చాలా ఏళ్లు ఇదే నడిచింది. నాన్నకు షుగరు ఉందని తెలిసిన రోజునే టీలో చక్కెర మానేశారు. కానీ నలుగురితో కూర్చున్నప్పుడు మాత్రం "అర గ్లాసే కదమ్మా" అంటూ ఆ సీసాలోది తాగేవారు.

ఆ అర గ్లాసు సంగతేమిటో చూద్దామని ఒకరోజు వంటింటి కాటా ముందు పెట్టుకున్నాను. సీసా మీది పోషక విలువల పట్టికలో 100 మిల్లీలీటర్లకు చక్కెర 10.6 గ్రాములని ఉంది. మా స్టీలు గ్లాసులో 250 మిల్లీలీటర్లు పడతాయి. అంటే గ్లాసుకు 26 గ్రాముల పైచిలుకు. కాటా మీద చిన్న గిన్నె పెట్టి, చక్కెర డబ్బాలోంచి టీ చెంచాతో వేస్తూ పోయాను. ఐదు చెంచాలు నిండుగా పడ్డాక, ఆరో చెంచా సగం పోస్తే కాటా 26 చూపింది. గిన్నె అడుగు కనబడటం లేదు. నాన్న వచ్చి చూసి, ఏమీ మాట్లాడకుండా గిన్నెను ఒకసారి చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేశారు. అర గ్లాసు అంటే దాదాపు మూడు చెంచాలు. టీలో ఒక్క చెంచా కూడా వేసుకోని మనిషి ఆయన.

రోజుకు ఎంత చక్కెర హద్దు అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. విడిగా కలిపే చక్కెర, బెల్లం, తేనె, పండ్ల రసంలోని తీపి అన్నీ కలిపి, మనం తినే మొత్తం శక్తిలో పదో వంతు దాటకూడదు. అందులో సగానికి తగ్గిస్తే ఇంకా మంచిది. రెండు వేల కేలరీలు తినే మనిషికి పదో వంతు అంటే 50 గ్రాములు, సగం అంటే 25. ఒక్క గ్లాసు కూల్‌డ్రింక్‌తో ఆ రెండో హద్దు దాటిపోతాం. అన్నంతో కాదు, లడ్డుతో కాదు, నాలుగు గుక్కలతో.

ఆ గుక్కలే అసలు చిక్కు. లడ్డు తింటే నోరు నములుతుంది, కడుపు నిండినట్టు తెలుస్తుంది, రెండోది తినబుద్ధి కాదు. తీపి నీళ్లకు ఆ అడ్డు ఉండదు. ఎంత తాగినా ఆ తర్వాత భోజనం పెద్దగా తగ్గదు, ఆ కేలరీలు చాలావరకు అదనమే. మామూలు చక్కెరలో సగం గ్లూకోజు, సగం ఫ్రక్టోజు. గ్లూకోజు రక్తంలో వేగంగా పెరిగి ఇన్సులిన్‌ను పరుగులు పెట్టిస్తుంది. ఫ్రక్టోజులో ఎక్కువ భాగం నేరుగా కాలేయానికి చేరుతుంది. అవసరానికి మించి వచ్చిపడితే కాలేయం దాన్ని కొవ్వుగా మారుస్తుంది. మద్యం ముట్టని వాళ్లకు కూడా స్కానింగ్‌లో కాలేయానికి కొవ్వు పట్టిందని రావడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. యూరిక్ ఆమ్లం పెరగడానికీ ఈ ఫ్రక్టోజు తోడ్పడుతుంది. ఇక పళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. చక్కెర ఒకవైపు, పానీయంలోని ఆమ్లం మరోవైపు పంటి పైపొరను తింటాయి. ఒకేసారి తాగేసిన వాళ్లకంటే, సీసా పక్కన పెట్టుకుని మధ్యాహ్నమంతా చప్పరించే వాళ్ల పళ్లకు నష్టం ఎక్కువ.

2023లో వెలువడిన ఐసీఎంఆర్ దేశవ్యాప్త అధ్యయనం మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారని అంచనా వేసింది. అంచున ఉన్నవాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదు. ఈ వ్యాసం ముఖ్యంగా వాళ్ల కోసమే.

దాహమా, నీరసమా, సరదానా?

"ఏ పానీయం మంచిది?" అని అడిగితే జవాబు దొరకదు. "ఇప్పుడు ఎందుకు తాగుతున్నాను?" అని అడిగితే దొరుకుతుంది. దాహానికి తాగేది వేరు, నిద్ర ఆపుకోవడానికి తాగేది వేరు, విరేచనాలైనప్పుడు తాగేది వేరు. వీటిని కలగాపులగం చేసి, అన్నింటికీ ఒకే సీసా మూత తీయడం వల్లే ఇంత చక్కెర లోపలికి పోతోంది.

దాహమైతే మంచినీళ్లు. దీనికి పోటీ లేదు. కుండలో నీళ్లు, అందులో గుప్పెడు వట్టివేళ్లు వేస్తే వచ్చే చల్లదనం, వాసన ఏ ఫ్రిజ్జూ ఇవ్వదు. నీళ్లు చప్పగా ఉన్నాయనే పిల్లలకు రెండు నిమ్మచెక్కలో, నాలుగు పుదీనా ఆకులో, చెంచాడు నానిన సబ్జా గింజలో వేసి ఇవ్వండి. బుడగలు కావాలని మారాం చేస్తే ఉప్పు వేసిన నిమ్మ సోడా ఇవ్వండి. సోడా బండి దగ్గర "ఉప్పు మాత్రమే, చక్కెర వద్దు" అని ముందే చెప్పాలి. చెప్పకపోతే రెండూ కలిపేస్తారు.

నీళ్ల తర్వాత నా ఓటు మజ్జిగకే. చిక్కటి పెరుగు ఒక వంతు, నీళ్లు నాలుగు వంతులు పోసి బాగా చిలికి, చిటికెడు ఉప్పు, దంచిన అల్లం, కరివేపాకు, దొరికితే రెండు దబ్బాకులు నలిపి వేస్తే చాలు. పెరుగులో సహజంగా ఉండే తీపి తప్ప వేరే చక్కెర లేదు. ఇంత నీళ్లు పోశాక అది వంద మిల్లీలీటర్లకు ఒక గ్రాము చుట్టుపక్కలే ఉంటుంది. చెమటతో పోయిన ఉప్పు కొంత తిరిగి వస్తుంది. రక్తపోటు ఉన్నవాళ్లు ఆ ఉప్పు కూడా మానేసి అల్లం, జీలకర్రతో తాగవచ్చు. కొట్లో దొరికే మజ్జిగ ప్యాకెట్లు కూడా ఫరవాలేదు కానీ వెనక సోడియం ఎంతుందో చూడాలి. పక్కనే ఉండే లస్సీ ప్యాకెట్‌ను మజ్జిగకు అన్నదమ్ముడు అనుకోవద్దు. అందులో చక్కెర కలిపే ఉంటుంది.

రాగి అంబలి, గోదావరి వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకొనే పులిసిన గంజి అన్నం, అదే తరవాణి, కూడా ఈ వరసలోవే. ఇవి పానీయంతో పాటు ఆహారం కూడా. పొద్దున్నే ఒక గ్లాసు అంబలి తాగి పొలం వెళ్లే మనిషికి పదకొండింటికి తీపి సీసా గుర్తుకు రాదు. షుగరు ఉన్నవాళ్లు మాత్రం అంబలిని నీళ్ల లెక్కలో కాక టిఫిను లెక్కలో వేసుకోవాలి, ఎందుకంటే అందులో ఉన్నది పిండే.

కొబ్బరి బొండం గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఒక బొండంలో సుమారు పావు లీటరు నీళ్లు ఉంటాయనుకుంటే, చక్కెర పది గ్రాముల అటూఇటూ ఉంటుంది. కూల్‌డ్రింక్‌తో పోలిస్తే సగానికంటే తక్కువ, పైగా పొటాషియం దండిగా ఉంటుంది. ఎండలో తిరిగి వచ్చినవాళ్లకు బాగా పనికొస్తుంది. కానీ ఆ పొటాషియమే కొందరికి ప్రమాదం. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్ల ఒంట్లో అది బయటికి పోక పేరుకుంటుంది, గుండె లయ తప్పవచ్చు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పేరు చెబితే కొబ్బరి తోటలు గుర్తుకొస్తాయి, వెంటనే కిడ్నీ జబ్బూ గుర్తుకొస్తుంది. పెరట్లో చెట్టు ఉండీ, డాక్టరును అడగకుండా బొండం కొట్టుకోలేని పరిస్థితి అక్కడి రోగులది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఎవరైనా ఇది గుర్తుపెట్టుకోవాలి.

చెరుకు రసం సహజమే, కాదనను. కానీ చక్కెర తయారయ్యేదే అందులోంచి. ఒక గ్లాసులో కూల్‌డ్రింక్‌కు ఏమాత్రం తీసిపోని తీపి ఉంటుంది. పైగా అందులో వేసే ఐసు ఏ నీళ్లతో చేశారో తెలియదు. ఐసు లేకుండా, చిన్న గ్లాసు, ఎప్పుడో ఒకసారి అయితే సరే. రాయలసీమ నన్నారి షర్బత్ విషయంలో నాకు మనసు మెత్తనే. సుగంధి వేళ్ల వాసన నాకు ప్రాణం. అయితే ఆ వాసన వేళ్లదే, తీపి మాత్రం పాకంది. కొట్టతను గ్లాసులో పోసే పాకంలో సగం చాలని చెబితే వాసన తగ్గదు. శ్రీరామనవమి పానకం పండగ రోజు ప్రసాదం, అది వదలక్కర్లేదు. బెల్లం కాబట్టి మంచిదేనని వేసవి అంతా గ్లాసులు గ్లాసులుగా తాగితే మాత్రం లోపలికి పోయేది చక్కెరే. బెల్లంలో ఖనిజాలు కాస్త ఉంటాయి, నిజమే. కానీ వాటి కోసం తినాల్సిన బెల్లం లెక్క వేస్తే లాభం కంటే నష్టమే ఎక్కువ.

పండు తినాలా, రసం తాగాలా?

నల్గొండ వాళ్లు బత్తాయి అంటారు, అనంతపురం వాళ్లు చీనీ అంటారు. ఏ పేరుతో పిలిచినా, తొనలు ఒలుచుకుని తింటే రెండు కాయలతో చాలు అనిపిస్తుంది. అదే రసం తీస్తే ఒక గ్లాసుకు మూడు నాలుగు కాయలు పిండాలి. పీచు జల్లెడలో ఉండిపోతుంది, తీపి గ్లాసులోకి వస్తుంది. ఆపైన జ్యూసు బండిలో చక్కెర పాకం కలిపితే ఇక అది పండు అనిపించుకోదు. ఇంట్లో రసం తీసినా వడకట్టకండి, చక్కెర వేయకండి, చిన్న గ్లాసు దాటకండి. అంతకంటే మంచి మార్గం, పిల్లల చేతికి ఒలిచిన తొనలు ఇచ్చి పక్కన నీళ్లు పెట్టడం.

అట్టపెట్టె రసాల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. గాఢంగా మరిగించిన రసంలో నీళ్లు కలిపి తిరిగి తయారుచేసే వాటి మీద "నూరు శాతం పండ్ల రసం" అని రాయవద్దని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2024 జూన్‌లో కంపెనీలను ఆదేశించింది. మామిడి బొమ్మ వేసిన సీసాల్లో ఎక్కువ భాగం నీళ్లూ చక్కెరే, మామిడి గుజ్జు కొంతే. ఎంత అన్నది అట్ట మీద చిన్న అక్షరాల్లో శాతంగా రాసి ఉంటుంది. మామిడిపండు మీద అంత ప్రేమ ఉంటే, బంగినపల్లి ఒకటి కోసుకుని తినడం కంటే సుఖం లేదు.

విరేచనాలప్పుడు చేసే పొరపాటు

ఇది చదివి మర్చిపోకూడని భాగం. పిల్లలకు వాంతులో, విరేచనాలో పట్టుకున్నప్పుడు ఒంట్లో నీళ్లు, లవణాలు పోతాయి. అప్పుడు ఇవ్వాల్సింది ఓఆర్‌ఎస్. ఇక్కడ చక్కెరకు ఒక పని ఉంది. కొద్దిపాటి గ్లూకోజు ఉంటే పేగు గోడ సోడియంను, దానితోపాటు నీటిని లోపలికి పీల్చుకుంటుంది. కానీ అది కొలత ప్రకారం ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రంలో లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములు మాత్రమే. చక్కెర అంతకు మించితే పని తలకిందులవుతుంది. పేగులోకి ఇంకా నీళ్లు లాక్కుని విరేచనాలు ఎక్కువవుతాయి.

ఏళ్ల తరబడి మందుల దుకాణాల్లో ఓఆర్‌ఎస్ అనే అక్షరాలు పేరులో పెట్టుకున్న రంగురంగుల అట్టపెట్టెలు అమ్మారు. వాటిలో కొన్నింటిలో లీటరుకు వంద గ్రాములు దాటిన చక్కెర ఉండేది. జబ్బుపడ్డ బిడ్డకు మంచి చేస్తున్నామనుకుని తల్లులు అవే తాగించారు. దీని మీద హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఎనిమిదేళ్లపాటు ఒంటరిగా పోరాడారు, కోర్టుకూ వెళ్లారు. చివరికి 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఏ పానీయం పేరులోనూ ఆ అక్షరాలు వాడకూడదని ఆదేశాలిచ్చింది. ఒక డాక్టరమ్మ పట్టుదల వల్ల దేశంలోని ప్రతి తల్లికీ మేలు జరిగింది. ఆమెకు ఎంత కృతజ్ఞత చెప్పినా తక్కువే.

కాబట్టి మందుల షాపులో "ఓఆర్‌ఎస్ ఇవ్వండి" అనడంతో ఆగకండి. ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైనట్టు రాసి ఉందో లేదో చూడండి. పొడి ప్యాకెట్ అయితే దాని మీద ఎన్ని నీళ్లు రాస్తే అన్ని నీళ్లలో మొత్తం ప్యాకెట్ కలపాలి. సగం పొడి, సగం నీళ్లు అని అంచనాగా కలిపితే కొలత చెడుతుంది. కలిపినదాన్ని 24 గంటలు దాటితే పారబోయాలి. రాత్రివేళ ఏదీ దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, రెండూ చెంచా అంచుకు సమంగా తీసుకుని వేసి కలిపి, గుటక గుటకగా పట్టించవచ్చు. బిడ్డ మగతగా ఉన్నా, మూత్రం రాకపోయినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. కూల్‌డ్రింకు, గ్లూకోజు పొడి, అట్టపెట్టె రసం ఈ జబ్బుకు పనికిరావు.

నీరసానికి ఏది?

మన ఇళ్లలో చక్కెర ఎక్కువగా వచ్చే దారి సీసా అనుకుంటాం కానీ, చాలా ఇళ్లలో అది టీ కప్పే. ఒక కప్పుకు రెండు చెంచాలు అనుకుంటే పది గ్రాములు. ఇంట్లో రెండు, ఆఫీసులో రెండు తాగితే నలభై. ఒక్క కూల్‌డ్రింక్ కూడా ముట్టని మనిషి ఖాతాలో ఇంత చక్కెర. మార్చడం మాత్రం తేలిక. రెండు చెంచాలను ఒకటిన్నర చేసి రెండు వారాలు ఆగండి. నాలుక అలవాటుపడ్డాక ఒకటి చేయండి. నెల తర్వాత పాత టీ తాగితే వెగటు అనిపిస్తుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో ఇంకో మాట కూడా ఉంది. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీ వద్దని. అవి ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. రక్తహీనత ఇంత ఎక్కువగా ఉన్న మన ఆడవాళ్లు దీన్ని తప్పక పాటించాలి.

ఎనర్జీ డ్రింకులను మాత్రం ఏ మినహాయింపూ లేకుండా వద్దంటాను. ఇరవై రూపాయలకే దొరికే చిన్న సీసాలు హాస్టళ్ల దగ్గర ఎన్ని అమ్ముడవుతున్నాయో చూస్తే భయమేస్తుంది. లీటరుకు 300 మిల్లీగ్రాముల వరకు కెఫీన్ ఉండవచ్చని మన నిబంధన. పిల్లలు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు తాగరాదని సీసా మీదే రాయాలి. ఆ సీసా పట్టుకున్నది ఇంటర్ చదివే పదహారేళ్ల పిల్లవాడు. వాడికి కావాల్సింది రాత్రి కనీసం ఎనిమిది గంటల నిద్ర. తల్లిదండ్రులు హాస్టలుకు వెళ్లినప్పుడు మార్కులతో పాటు దీని గురించీ అడగాలి.

పాలలో కలిపే పొడుల విషయం ఒక్క మాటలో తేల్చవచ్చు. "హెల్త్ డ్రింక్" అన్న మాటకు మన ఆహార చట్టంలో నిర్వచనమే లేదు. అందుకే 2024 ఏప్రిల్‌లో ఆన్‌లైన్ దుకాణాల్లో ఆ వర్గం నుంచి ఈ పానీయాలను తొలగించమని కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ చెప్పింది. ఉత్త పాలు తాగే పిల్లలకు ఏ పొడీ అక్కర్లేదు.

కూల్‌డ్రింకుల్లోనే చక్కెర లేని రకం తాగితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. రోజూ రెండు సీసాలు తాగే అలవాటున్న మనిషి ముందు దానికి మారితే చక్కెర వెంటనే తగ్గుతుంది, అది మేలే. కానీ బరువు తగ్గడానికి ఈ కృత్రిమ తీపి పదార్థాల మీద ఆధారపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మేలో సూచించింది. ఆ ఏడాది జూలైలోనే వాటిలో ఒకటైన ఆస్పర్టేమ్‌ను క్యాన్సర్ కారకం కావచ్చన్న జాబితాలో చేర్చారు. ఆ ఆధారాలు పరిమితమే, కిలో బరువుకు రోజుకు 40 మిల్లీగ్రాముల పాత హద్దునూ మార్చలేదు. కాబట్టి ఒకటి తాగితే ఏదో అయిపోతుందని హడలిపోనక్కర్లేదు. పళ్లను తినే ఆమ్లం మాత్రం అందులోనూ ఉంటుంది. తీపి మీద నాలుకకున్న మోజూ అలాగే ఉండిపోతుంది. పెద్దవాళ్లకు కొన్నాళ్ల మెట్టుగా సరే, పిల్లలకు వద్దు.

సీసా తిప్పి చదవండి

కొనేముందు సీసా వెనక్కి తిప్పితే మూడు పనులు చేయాలి. మొదట, అక్కడి అంకె 100 మిల్లీలీటర్లకు ఇచ్చింది. సీసా ఎంతదో చూసి గుణించాలి. 10.6 చిన్నగా కనిపిస్తుంది, 600 మిల్లీలీటర్ల సీసాకు 63 గ్రాములు దాటుతుంది. రెండోది, మొత్తం చక్కెర ఎంత, అందులో కలిపింది ఎంత అన్నది విడివిడిగా ఉంటుంది, రెండూ చూడాలి. మూడోది, రోజువారీ అవసరంలో ఇంత శాతం అని రాసేది 50 గ్రాముల హద్దు మీద, అదీ కంపెనీ నిర్ణయించిన ఒక వడ్డన పరిమాణానికి. ఆ శాతం చూసి తక్కువే అనుకోవద్దు.

ఒక గీత ఎక్కడ గీయాలంటే, బ్రిటన్ 2018లో పన్ను వేసినప్పుడు పెట్టుకున్న కొలత నాకు నచ్చింది. 100 మిల్లీలీటర్లకు చక్కెర 5 గ్రాములకు చేరితే ఒక పన్ను, 8కి చేరితే ఇంకా ఎక్కువ పన్ను. పన్ను తప్పించుకోవడానికి అక్కడి కంపెనీలు చాలా పానీయాల్లో చక్కెర తగ్గించేశాయి. మన దగ్గర 2025 సెప్టెంబరు నుంచి బుడగల తీపి పానీయాల మీద 40 శాతం జీఎస్టీ ఉంది కానీ, అది చక్కెర ఎంతన్నది చూసి వేసేది కాదు. చక్కెర లేని రకానికీ అంతే. అందుకే ఆ గీత మనమే గీసుకోవాలి. 5 లోపు ఉంటే అప్పుడప్పుడు, 8 దాటితే కొట్టులోనే వదిలేయడం అన్నది మా ఇంటి పద్ధతి.

ఇక చుట్టాలు, శుభకార్యాల సంగతి. విస్తరి పక్కన తీపి సీసా పెట్టకపోతే ఏమనుకుంటారో అన్న బెరుకు నాకూ ఉండేది. నాన్న పుట్టినరోజుకు ముప్పై మంది వచ్చినప్పుడు సీసాలు తెప్పించలేదు. రెండు లీటర్ల పెరుగులో ఎనిమిది లీటర్ల నీళ్లు పోసి చిలికి, నాలుగు చెంచాల ఉప్పు, గుప్పెడు దంచిన అల్లం, కరివేపాకు, దబ్బాకులు వేసి రెండు పెద్ద కుండల్లో పోసి, చుట్టూ తడిగుడ్డ కట్టి వసారాలో ఉంచాం. నలభై గ్లాసులకు సరిపోయేంత మజ్జిగ అది. భోజనాలు అయ్యేసరికి రెండో కుండ కూడా అడుగంటింది. నాన్న మూడు గ్లాసులు తాగారు.